అరచేతిలో టూరింగ్ టాకీస్!

హీరోల గురించీ హీరోయిన్ల గురించీ మీరు వారం వారం చదువుతూనే ఉన్నారు. ఈ వారం మాత్రం ఒక ఆపరేటరు గారి గురించీ, ఆయన మనవడు చేసిన ఒక వెధవ పని గురించీ, జేబులో పట్టే ఒక ఆటల పెట్టె గురించీ చెబుతాను. ఆ ఆపరేటరు మా తాతయ్య. ఆ మనవణ్ణి నేనే. ఆటల పెట్టె పేరు పీఎస్పీ... అంటే ప్లేస్టేషన్ పోర్టబుల్!

ఇదేమిటి, సినిమా పత్రికలో ఆటల గోల అని విసుక్కోకండి. ఈ కథలో సినిమా ఉంది, సస్పెన్సు ఉంది, విలనూ ఉన్నాడు. విలన్ ఎవరో చివర్లో మీరే తేల్చుకోండి.

బావ తెచ్చిన పెట్టె

2008 మొదట్లో మా బావ దుబాయ్ నుంచి వచ్చాడు. సూట్‌కేసులో సెంటు సీసాలు, ఖర్జూరాలు, వాటి మధ్య నల్లగా నిగనిగలాడే ఓ పెట్టె. 2006లో అక్కడ కొనుక్కున్నాడట. "ఒరేయ్, నాకు ఆడే తీరిక లేదు. నేను మళ్లీ వచ్చేదాకా నీ దగ్గరే ఉంచు. జాగ్రత్త!" అని నా చేతిలో పెట్టాడు. ఆ చివరి మాట మీద నేను పెద్దగా దృష్టి పెట్టలేదని వేరే చెప్పాలా?

అప్పుడు నేను హైదరాబాద్‌లో బీకాం చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో గది, ముగ్గురం స్నేహితులం, ఒక పాత కంప్యూటరు. పీఎస్పీ గదిలో అడుగుపెట్టిన రోజు రాత్రి ఎవరికీ నిద్ర లేదు!

ఉండదు మరి. సోనీ కంపెనీ ఆ పెట్టెను 2004 డిసెంబరులో జపాన్‌లోనూ, 2005 మార్చిలో అమెరికాలోనూ విడుదల చేసింది. 4.3 అంగుళాల తెర. అప్పటికి మన సెల్‌ఫోన్ల తెరలు అగ్గిపెట్టెంత ఉండేవి. ఆటలు యూఎండీ అనే బుల్లి డిస్కుల మీద వచ్చేవి. ఆటలే కాదండోయ్, సినిమాలు కూడా! అమెరికాలో మొదట అమ్మిన పది లక్షల పెట్టెలతో పాటు 'స్పైడర్‌మ్యాన్ 2' సినిమా డిస్కును ఉచితంగా ఇచ్చారు. పిల్లల ఆటబొమ్మతో పాటు సినిమా టిక్కెట్టు కూడా ఇచ్చినట్టన్నమాట.

కాని మన దగ్గర ఆ డిస్కులు దొరకడం కష్టం. దొరికినా ఒక్కో ఆట ఖరీదు మా గది అద్దెలో నా వాటాకి దగ్గరగా ఉండేది. మరి ఏం చెయ్యాలి?

తాళం కప్పా, తాళం చెవీ

అక్కడే మొదలైంది అసలు కథ. సోనీ ఈ పెట్టెకు తాళం వేసి అమ్మింది. కంపెనీ ముద్ర ఉన్న ప్రోగ్రాములే నడవాలి, బయటివాళ్లు రాసినవి నడవకూడదు. కాని తాళం వేశారంటే తీసేవాళ్లు పుట్టకుండా ఉంటారా? 2005లోనే, జపాన్‌లో మొదట అమ్మిన పెట్టెల మీద బయటి ప్రోగ్రాములు నడిపించేశారు. సోనీ కొత్త ఫర్మ్‌వేర్... అంటే పెట్టెను లోపలినుంచి నడిపించే మూల ప్రోగ్రాము... పంపి ఆ కన్నం పూడ్చింది. వీళ్లు ఇంకో కన్నం వెతికారు. కంపెనీ అదీ పూడ్చింది. ఇదో దొంగా పోలీసు ఆట. ఏళ్ల తరబడి సాగింది.

ఆ కన్నాల కథలు వింటే డిటెక్టివ్ నవలలు ఎందుకూ పనికిరావు. ఒకసారి పెట్టెలో ఒక బొమ్మ తెరిచి చూస్తే చాలు, తాళం ఊడింది! ఆ బొమ్మ ఫైలును కావాలని వంకరగా తయారు చేశారు. దాన్ని చదవబోయి పెట్టె తికమక పడుతుంది. ఆ తికమకలో బయటి ప్రోగ్రాము లోపలికి దూరిపోతుంది. ఇంకోసారి, 2007లో, 'లూమినెస్' అనే ఆటలో దాచుకున్న సేవ్ ఫైలు తాళంచెవి అయింది. ఇంకేం, మూలన పడి ఉన్న ఆ పాత ఆటకి ఉన్నట్టుండి గిరాకీ వచ్చిపడింది. ఆడటానికి కాదు, తాళం తీయడానికి!

ఈ రంగంలో సూపర్‌స్టార్ డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో పనిచేసిన ఓ స్పెయిన్ కుర్రాడు. సోనీ వారి ఫర్మ్‌వేర్‌నే తీసుకుని, దానికి లేని సదుపాయాలు జోడించి, 2006 నుంచి 'కస్టమ్ ఫర్మ్‌వేర్' విడుదల చేశాడు. అది వేసుకున్న పెట్టెకు రూపం అదే, కాని పవర్లు వేరు! మెనూ వేషం మార్చుకోవచ్చు. ఆట మధ్యలో బొమ్మ తీసుకోవచ్చు. ప్రాసెసర్ వేగం పెంచుకోవచ్చు. పుస్తకాలు చదువుకోవచ్చు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన పాత ఆటల్ని అరచేతిలో ఆడుకోవచ్చు. పీఎస్పీ తొలి మోడల్లో ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉండేది. దాని సాయంతో పెట్టెను టీవీ రిమోటుగా కూడా మార్చారు. పిన్ని సీరియల్ చూస్తుంటే దగ్గరగా నక్కి ఛానెల్ మార్చేయొచ్చన్నమాట. ఈ ప్రయోగం నేను చేశాను. వీపు విమానం మోత మోగింది. కాని అది తర్వాత సంగతి.

తాతయ్య కోరిక

ఇదిలా ఉండగా తణుకు దగ్గర మా ఊళ్లో తాతయ్య జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై ఆరు. మంచం లోపలి గదిలో, టీవీ ముందు గదిలో.

చిన్నతనంలోనే టూరింగ్ టాకీస్‌లో చేరిన మనిషి ఆయన. గుడారం, డైనమో, ఒక్కటే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లే! ఆ సందులో ఊళ్లో కిరాణా కొట్టు స్లైడు వేసేవాళ్లు. ఫిల్ము తెగితే బ్లేడుతో గీకి, సిమెంటు రాసి అతికించడం, కార్బన్ కడ్డీలు కాలుతున్న కొద్దీ సర్దుకుంటూ ఉండటం... ఇవన్నీ ఆయన చేతిలో పని. నేల టిక్కెట్టు జనం ఈలలు వేసి గోల చేస్తే పాట రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేవారట. "సినిమా మద్రాసులో తీస్తార్రా. మా ఊరి సినిమాగా మార్చేది మేమే" అనేవారు.

ఫోనులో పలకరిస్తే ఆయన అడిగింది ఒక్కటే. "ఒరే అబ్బాయ్, కదలకుండా పడుకునే ఉన్నాను గదా... పాతాళ భైరవి ఓసారి చూడాలనుందిరా."

1951లో విజయా వారి ఆ చిత్రం వచ్చినప్పుడు ఆయనకు పందొమ్మిదేళ్లు. ఎన్ని ఊళ్లలో ఎన్ని ఆటలు వేశారో ఆయనకే లెక్క లేదు. అయితే ఆపరేటరు సినిమాను ఎప్పుడు చూస్తాడు? కళ్లు కార్బన్ మీద, చెవులు డైనమో మీద! "అన్నిసార్లు ఆడించాను గాని, ఒక్కసారీ కూర్చుని చూళ్లేదురా" అన్నారు.

నా బుర్రలో దీపం వెలిగింది. పీఎస్పీ ఉందిగా! నాన్న కొన్న వీసీడీలు ఉన్నాయి. వాటిని కంప్యూటర్లో మార్చి మెమరీ స్టిక్‌లో ఎక్కిస్తే తాతయ్య మంచం మీదే, అరచేతిలో సినిమా చూడొచ్చు. మా పాత కంప్యూటరు ఆ మూడు గంటల సినిమాను మార్చడానికి రాత్రంతా తీసుకుంది. తెల్లారేసరికి పెట్టెలో తెలుపు నలుపు బొమ్మ కదిలింది. పని అయిపోయింది!

ఇక్కడ ఆగి ఓ నిజం ఒప్పుకోవాలి. సినిమా చూడటానికి తాళం తీయాల్సిన పని లేదు. బావ తెచ్చిన పెట్టె ఉన్నదున్నట్టుగానే ఆ పని చేస్తుంది. ఊరికి బస్సెక్కితే సరిపోయేది. కాని నాలో ఆటల యావ ఊరుకుంటుందా? "తాతయ్య కోసమే గదా, ఇంకాస్త బాగు చేసి పట్టుకెళ్దాం" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనిషి తన్ను తాను మోసం చేసుకోవాలనుకుంటే సాకులకు కరువా?

కరెంటు పోయింది!

కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాలంటే ముందు ఉన్న ఫర్మ్‌వేర్‌ను చెరిపి పాతది రాయాలి. ఆ రాస్తున్న కొద్ది నిమిషాలూ పెట్టె ఆగిపోకూడదు. బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జరు తగిలించి ఉండాలి. రెండూ ఉన్నాయి. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

టప్! కరెంటు పోయింది.

బ్యాటరీ ఉంది గదా అంటారా? అది రెండేళ్ల ముసలి బ్యాటరీ. నిండుగా ఉన్నట్టు చూపించిందే గాని లోపల సరుకు లేదు. తెర నల్లబడింది. కరెంటు వచ్చాక స్విచ్ నొక్కితే పచ్చదీపం వెలిగింది. తెర మాత్రం వెలగలేదు. కాసేపటికి ఆ దీపమూ ఆరింది. పాతది సగం చెరిగింది, కొత్తది సగమే రాసింది. ఈ స్థితికి ఈ విద్యలో ఒక ముద్దుపేరుంది... 'బ్రిక్'. అంటే ఇటుక! ఖరీదైన యంత్రం కాస్తా ఇటుక ముక్క అయిపోయింది.

బావకేం చెప్పాలి? అంతకంటే ముందు తాతయ్యకేం చెప్పాలి? వచ్చే ఆదివారం వస్తున్నానని అప్పటికే మాట ఇచ్చేశాను.

పండోరా బ్యాటరీ

అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ తెలియని హైదరాబాదు కుర్రాడు ఉండడు. ఆ సందుల్లో సెల్‌ఫోన్లు విప్పి, కలిపి, ప్రాణం పోసే మహానుభావులుంటారు. నాలుగు కొట్లలో తల అడ్డంగా ఊపారు. అయిదో కొట్లో నా వయసే ఉన్న ఓ కుర్రాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఏం చేసినవ్ తమ్మీ దీన్ని?"

చెప్పాను. "ఫికర్ చెయ్యకు" అంటూ అతను సొరుగులోంచి ఒక బ్యాటరీ, ఒక మెమరీ స్టిక్ తీశాడు. చూడటానికి మామూలు బ్యాటరీయే. కాని దాని లోపలి చిప్‌లో ఉండే సీరియల్ నంబరును మార్చేశారు. ఆ నంబరు కనిపించగానే పెట్టె "ఓహో, నన్ను రిపేరుకి తెచ్చారన్నమాట" అనుకుంటుంది. పాడైపోయిన సొంత ఫర్మ్‌వేర్ వంక చూడకుండా, మెమరీ స్టిక్‌లో ఉన్న ప్రోగ్రాముతో లేస్తుంది. కంపెనీ రిపేరు కోసం పెట్టుకున్న దొడ్డిదారి ఇది. 2007లో బయటివాళ్లు దీన్ని కనిపెట్టి 'పండోరా బ్యాటరీ' అని పేరు పెట్టారు. పీఎస్పీ తొలి మోడల్లోనూ, రెండో మోడల్లో మొదట్లో వచ్చినవాటిలోనూ పనిచేసేది. తర్వాత సోనీ ఆ దారి మూసేసింది.

బ్యాటరీ పెట్టగానే నా ఇటుక కళ్లు తెరిచింది! పోయిన ఫైళ్లన్నీ మళ్లీ రాసుకుంది. మెనూ పాట మోగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. రూ. 800 తీసుకున్నాడు. అంతటితో ఆగలేదు. "ఇగ కస్టమ్ కూడా పడ్డది. ఇంకో అయిదొందలు ఇస్తే కార్డు నిండా గేమ్స్ ఎక్కిస్త" అన్నాడు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను జేబు ఖాళీ చేశాను.

ఆదివారం ఆట

ఆదివారం మధ్యాహ్నం తాతయ్య పక్కన కూర్చుని పెట్టె ఆయన గుండెల మీద నిలబెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాను. బొమ్మ పడగానే ఆయన అన్న మొదటి మాట... "ఫోకస్ బాగుందిరా!"

ఆపరేటరు బుద్ధి ఎక్కడికి పోతుంది? కాసేపటికి "రీలు ఎప్పుడు మారుతుంది?" అని అడిగారు. మారదన్నాను. "డైనమో?" లేదన్నాను. "మరి ఆపరేటరు?" నేనే అన్నాను. ఆయన నవ్వారు. ఓ పాట అయిపోగానే చెయ్యెత్తి, వేలు వెనక్కి తిప్పారు. మళ్లీ వెయ్యమని! నేను వెనక్కి తిప్పి వేశాను. అలా మూడుసార్లు. గంటన్నర చూసి, సగంలో నిద్రపోయారు. మిగతా సగం మర్నాడు చూశారు.

వెళ్లేముందు జరిగిందంతా చెప్పేశాను. కరెంటు పోయిన సంగతీ, ఇటుక సంగతీ, రూ. 800 సంగతీ. ఆయన కోప్పడలేదు. "మిషను విప్పి చూడటం తప్పు కాదురా. నేనూ విప్పాను. కాని బాక్సు ఎవరిదో గుర్తుంచుకోవాలి. డిస్ట్రిబ్యూటరు బాక్సులో రీలు దాచేసుకుని, పక్క ఊళ్లో దొంగాటలేసినవాళ్లను చూశాను. వాళ్లను ఆపరేటర్లనరు" అన్నారు.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కార్డు నిండా ఎవరెవరివో ఆటలున్నాయి మరి.

విలన్ ఎవరు?

2009లో తాతయ్య పోయారు. అదే ఏడాది 'దేశీ అడ్డా' అనే ఆట పీఎస్పీ మీద వచ్చింది. కబడ్డీ, బిళ్లంగోడు లాంటి మన ఆటలతో చేసింది. చేసినవాళ్లెవరో తెలుసా? మన హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ వాళ్లు! స్నేహితుడు గర్వంగా చూపించాడు. డిస్కు కాదు, కార్డులో ఎక్కించుకున్న కాపీ. మన ఊరి కుర్రాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి చేసిన ఆటను మన ఊళ్లోనే మేం ఇలా ఆడుతున్నాం! కొత్త సినిమా దొంగ సీడీ చూసేవాళ్లను తిట్టే అభిమానిని నేను. ఈ ఆట విషయంలో నేనేం చేస్తున్నట్టు?

కొన్నేళ్లకి, ఫ్రీలాన్సుగా నాలుగు వ్యాసాలు రాసుకుని బతకడం మొదలెట్టాక, నా వ్యాసమొకటి పేరు తీసేసి ఇంకెక్కడో అచ్చేశారు. ఆ రోజు తాతయ్య మాట పూర్తిగా అర్థమైంది.

అయితే విప్పి చూసేవాళ్లంతా దొంగలేనా? కాదు. ఈ తేడాయే మీరు గుర్తుపెట్టుకోవాలి. సొంతంగా ప్రోగ్రాములు రాసి ఉచితంగా పంచినవాళ్లున్నారు. దాన్ని 'హోమ్‌బ్రూ' అంటారు, మన మాటల్లో ఇంటి వంట! ఇంకొందరు డబ్బింగ్ పని చేశారు. 'ఫైనల్ ఫాంటసీ టైప్-0' ఆట 2011లో జపాన్‌లో ఆ భాషలోనే విడుదలైంది. అభిమానులే కూర్చుని మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి, 2014లో 'ప్యాచ్' విడుదల చేశారు. ప్యాచ్ అంటే ఆట కాదు, మార్పుల ముక్క మాత్రమే. అసలు ఆట మీద అతికిస్తే భాష మారుతుంది. తాతయ్య ఫిల్ము అతికించినట్టే!

చట్టం కూడా ఈ తేడాను కొంత గుర్తించింది. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షను చేర్చారు. కాపీరైటును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విరగ్గొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. సినిమాను దొంగతనంగా రికార్డు చేసినా, పంచినా 2023 సవరణ ప్రకారం కనీసం మూడు నెలల జైలు, రూ. 3 లక్షల జరిమానా. కాబట్టి ఇంటి వంట చేసుకోండి గాని, పక్కింటి గిన్నె ఎత్తుకు రాకండి.

మరో సంగతి. మొత్తం ఏడు కోట్లకు పైగా పీఎస్పీలు అమ్మిన సోనీ 2014లో వాటి సరఫరా ఆపేసింది. యూఎండీ డిస్కులు ఇప్పుడెవరూ చెయ్యరు. ఈ పెట్టెలు ఇంకా ఊపిరితో ఉన్నాయంటే అది విప్పి చూసినవాళ్ల పుణ్యమే. భద్రపరచడం ఎంత ముఖ్యమో సినిమా వాళ్లకు చెప్పాలా? 1932లో వచ్చిన మన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు లేదు. నాలుగు కాపీలు ఎవరైనా దాచి ఉంటే ఎంత బాగుండేది!

మీ ఇంట్లో పాత పీఎస్పీ ఉంటే అటక మీంచి దించండి. ముందు వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే దాన్ని నొక్కకుండా, పొడవకుండా, ఛార్జి పెట్టకుండా తీసి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి. ఫర్మ్‌వేర్ ముట్టుకునే పనుంటే ముసలి బ్యాటరీని నమ్మకండి. చెప్పేవాడు అనుభవించినవాడు!

బావ సంగతి మరిచాను. తర్వాతిసారి వచ్చి, పెట్టె అందుకుని, సెట్టింగుల్లోకి వెళ్లి, '3.90 ఎం33' అని ఉన్నచోట వేలు పెట్టాడు. అది డార్క్ అలెక్స్ ఫర్మ్‌వేర్ నంబరు. నా గుండె జారింది. "దుబాయ్‌లో నాకూ స్నేహితులున్నారురా" అని నవ్వి, పెట్టె నాకే ఇచ్చేశాడు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు కొత్త బ్యాటరీ వేసి దాన్ని ఆన్ చేశాను. కొట్టువాడు ఎక్కించిన ఆటలు ఎప్పుడో తీసేశాను. సినిమా మాత్రం అలాగే ఉంది. తాతయ్య మూడుసార్లు వేయించుకున్న పాట దగ్గరికి వెళ్లి, ఓసారి వేశాను.

అయిపోగానే వెనక్కి తిప్పి, మళ్లీ వేశాను.